వార్తాహరుఁడు — వార్తికకారుఁడు

"వృత్" ధాతువునుండి పుట్టిన శబ్దములలో రెండు మన వాఙ్మయమున మిక్కిలి వ్యాప్తి గాంచినవి. ఒకటి వార్త, రెండవది వార్తికము. జరిగినదానిని దెలుపునది వార్త. చెప్పఁబడినదానిని, చెప్పక విడువఁబడినదానిని, తప్పుగాఁ జెప్పఁబడినదానిని విచారించునది వార్తికము. మొదటిదానిని మోయువాఁడు వార్తాహరుఁడు. రెండవదానిని రచించువాఁడు వార్తికకారుఁడు. పాణినిసూత్రములకుఁ గాత్యాయనుఁడు చేసినపని యిట్టిది. చిన్నయసూరి 1858లోఁ బ్రకటించిన బాలవ్యాకరణమునకు బహుజనపల్లి సీతారామాచార్యులవారి ప్రౌఢవ్యాకరణము చేసిన యుపకారమును గొంతవఱ కిట్టిదే. సూరి చెప్పక విడిచినదానిని బూరించుటకే యది పుట్టినది.

విజ్ఞానవిషయములను లోకులకుఁ దెలుపు పత్రికారచయితలు నేఁటి డిజిటల్ మాధ్యమముల మూలమున నేమగుచున్నారను ప్రశ్నను విచారించునపుడు ఈ రెండుశబ్దముల భేదమే నాకు దారి చూపినది. వారు వార్తాహరులై యుండవలసిన యవసరము చాలవఱకుఁ దీఱినది. వార్తికకారులు కావలసిన యవసరము నేఁ డధికమైనది. ఇదియే యీ వ్యాసమునందలి ప్రతిజ్ఞ.

ముందుగాఁ బూర్వస్థితిని జూతము. పరిశోధకుఁడు తాను గనుఁగొన్న యంశమును వ్రాసి శాస్త్రపత్రికకుఁ బంపును. ఆ శాస్త్రమునందే కృషిచేసిన యితరులు దానిని బరీక్షింతురు. వారంగీకరించినచో నది ముద్రిత మగును. నేచర్, సైన్స్ వంటి పత్రికలు ముద్రణమునకుఁ గొన్నిదినములు ముందుగనే ప్రతిని విలేఖరులకిచ్చి, నియతసమయమునకుఁ బూర్వము ప్రకటింపరాదని కట్టడి చేయును. ఈ కట్టడికి ఎంబార్గో యని పేరు. దీనివలన విలేఖరికి వ్యాసమును జదువుటకును, ఇతరశాస్త్రజ్ఞుల నడుగుటకును గొంత వ్యవధి దొరకును. శాస్త్రపత్రికకు నొక్కదినమున లోకమంతటఁ బ్రచారము దొరకును. సామాన్యప్రజలకు మాత్రము ఆ విలేఖరి తప్ప వేఱుద్వారము లేకుండెను. 1996లో నమెరికాలోని విజ్ఞానాభివృద్ధిసంఘమువారు యురేకఅలర్ట్ అను నంతర్జాలస్థానమును నెలకొల్పి, పరిశోధనాలయముల ప్రకటనపత్రముల నన్నిటిని విలేఖరుల కొకచోటఁ జేర్చిరి.

ఆ వ్యవస్థ నిర్దుష్టమని నే ననను. అందఱును నొకేమూలమునుండి యొకేదినమున నొకేమాటను జెప్పుటచే మోసికొనివచ్చుట హెచ్చి విచారించుట తగ్గినది. విశ్వవిద్యాలయమువారి ప్రకటనపత్రమును గొద్దిగా మార్చి తమపేరు పెట్టుకొన్న వ్యాసములు ఏభాషలోనైనను గానవచ్చును. కావునఁ బూర్వకాలమంతయు సత్యయుగమని విలపించుట తగదు.

ఆ యొంటిద్వారము పలుద్వారము లైన క్రమ మిది. 1991లోఁ బాల్ గిన్స్‌పార్గ్ అను భౌతికశాస్త్రజ్ఞుఁడు, పరీక్షకుఁ బూర్వమే వ్యాసప్రతులను జదువరుల కందుబాటున నుంచు భాండారము నేర్పఱచెను. అదియే పిదప ఆర్కైవ్ అని ప్రసిద్ధిచెందినది. 2013లో జీవశాస్త్రమునకు బయోఆర్కైవ్, 2019లో వైద్యమునకు మెడ్‌ఆర్కైవ్ పుట్టినవి. ఇట్టి ముద్రణపూర్వప్రతులను బ్రీప్రింటు లందురు. పరిశోధకుఁడు తానే బ్లాగులోను, ట్విట్టరులోను, యూట్యూబులోను బ్రజలతో మాటలాడఁజొచ్చెను. మఱియొకవంకఁ బత్రికల యాదాయము తగ్గి విజ్ఞానవిభాగములు మూఁతపడఁజొచ్చినవి. 2008 డిసెంబరులో సీఎన్ఎన్ అను నమెరికా వార్తాసంస్థ తన విజ్ఞానవిభాగమునే తీసివేసినది.

ఇచటఁ బూర్వపక్ష మొకటి బయలుదేఱును. సూత్రకారుఁడే యెదుట నిలిచి తనసూత్రమును దాను వివరించుచుండఁగా నడుమ నింకొకఁ డేల? శాస్త్రజ్ఞుని తప్పును శాస్త్రజ్ఞుఁడే పట్టఁగలఁడుగాని విలేఖరి పట్టఁగలఁడా? ఈ పక్షమును దేలికగాఁ ద్రోసివేయరాదు. దీని బలమును, దీనికి సమాధానమును నొక్కచోటనే చూపు నుదాహరణ మొకటి కలదు.

గ్రహాంతరజీవుల యన్వేషణమునకు సంబంధించిన యొకవిషయమును డిసెంబరు 2న వెల్లడింతుమని 2010 నవంబరు చివర నాసావారు ప్రకటించిరి. ఆ వాక్యమున గ్రహాంతరజీవి దొరకినదని లేదు, దొరకలేదనియు లేదు. ఆ యనుక్తమునుండి రెండుమూఁడుదినములలో నంతర్జాలమున నూహల యడవి పెరిగెను. తీరా బయటపడినది కాలిఫోర్నియాలోని మోనో సరస్సునందలి యొక సూక్ష్మజీవి. ప్రాణికోటి కెల్ల నావశ్యకమైన భాస్వరమునకు బదులుగ నది యార్సెనిక్కును దన డీఎన్ఏలోఁ జేర్చుకొని బ్రదుకఁగలదని ఫెలీసా వుల్ఫ్-సైమన్ మొదలగువారు సైన్స్ పత్రికలోఁ బ్రకటించిరి. నిపుణులు పరీక్షించిరి, విలేఖరుల గోష్ఠి జరిగినది, వార్తాహరులు మోసికొని పోయిరి. పూర్వవ్యవస్థ యంతయు యథావిధిగ నడచినను దోషము మాత్రము పట్టువడలేదు.

డిసెంబరు 4న బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమునందలి రోసీ రెడ్‌ఫీల్డ్ అను సూక్ష్మజీవశాస్త్రజ్ఞురాలు తన బ్లాగులో నా వ్యాసమును విమర్శించి, డీఎన్ఏను దగినంతగా శుద్ధిచేయలేదనియు, సూక్ష్మజీవిని బెంచిన ద్రవమున మిగిలియున్న స్వల్పభాస్వరమే దాని పెరుగుదలకుఁ జాలుననియు నాక్షేపించెను. ఇంతవఱకుఁ బూర్వపక్షి గెలిచినట్లే. శాస్త్రజ్ఞుల తప్పును శాస్త్రజ్ఞురాలే పట్టినది, అదియు విలేఖరి సాయములేకయే పట్టినది.

అయినను గథ యంతటితోఁ బోలేదు. ఒకరి బ్లాగులోని యాక్షేపణము ఒక్కరి యభిప్రాయమే. అది యీర్ష్యయో, న్యాయమో చదువరి కెట్లు తెలియును? కార్ల్ జిమ్మర్ అను విజ్ఞానరచయిత సుమారు పన్నిద్దఱు నిపుణుల నడిగి, వారి మాటలను డిసెంబరు 7న స్లేట్ అను నంతర్జాలపత్రికలోఁ బ్రకటించెను. దాదాపుగా నందఱును వ్యాసము నాక్షేపించినవారే. ఏకాకియైన యాక్షేపణ మాతని చేతిలో నొక శాస్త్రసభయొక్క విచారణ యైనది. ఆక్షేపణములు పరీక్షితపత్రికల ద్వారముననే రావలెనని వ్యాసకర్తలు పట్టుపట్టిరి. ఆమాటలోను న్యాయము లేకపోలేదు. ఆ న్యాయమును గూడఁ జదువరి కెఱింగించుట వార్తికకారుని ధర్మమే.

తరువాతి వృత్తాంతము దీర్ఘమైనది. 2011లో సైన్స్ పత్రికయే యెనిమిది యాక్షేపణములను బ్రకటించెను. 2012 జులైలో రెడ్‌ఫీల్డ్ బృందమువారిదియు, జ్యూరిక్ నగరమువారిదియు రెండుపరీక్షలు వెలువడి, ఆ సూక్ష్మజీవికి భాస్వరము తప్పనిసరియని తేల్చినవి. 2025 జులైలో సైన్స్ పత్రిక యా మూలవ్యాసమును రద్దుచేసినది. వ్యాసకర్తలు మోసము చేసిరని కాదు, పరీక్షలు సిద్ధాంతమునకుఁ జాలవని. వ్యాసకర్తలు మాత్రము దీని కంగీకరింపలేదు. దృశ్యమాధ్యమమున మూఁడుదినములకు మించి యేవార్తయు బ్రదుకదు. పదునాలుగేండ్ల త్రాటిని మొదలునుండి తుదివఱకు విడువక పట్టుకొని, నాఁడు విన్నవారికి నేఁడు తుదిమాట చెప్పువాఁ డెవఁడు? వార్త మోసినవాని కా పని పట్టదు. పూర్వపక్షమునకు నా సమాధాన మిదియే.

రెండవ యుదాహరణము మన దేశమునకుఁ జెందినది. 2020 జనవరి 31న ఢిల్లీ పరిశోధకులు కొందఱు, క్రొత్త కరోనావైరసు ముల్లుప్రోటీనులోని నాలుగుభాగములకు హెచ్ఐవీతో విచిత్రసాదృశ్యము గలదని బయోఆర్కైవ్‌లో నొక ప్రీప్రింటు నుంచిరి. అంత చిన్నభాగముల సాదృశ్యము పలుజీవులలోఁ గానవచ్చునదేయని నిపుణులు వెంటనే చూపిరి. ఫిబ్రవరి 2న వ్యాసకర్తలు ప్రతిని మరలించుకొనిరి. ఇది డిజిటల్ మాధ్యమముల గుణముగనే చెప్పవలెను. ముద్రణయుగమున నట్టి సవరణకుఁ గొన్నినెలలు పట్టెడిది. కాని వ్యాసము మరలినను వదంతి మరలలేదు. ఆక్షేపణము నిపుణులమధ్య నిపుణుల భాషలో జరిగినది. వదంతి యెల్లర భాషలలోను జరిగినది.

ఇఁక మన యింటిమాట. 2021 మే నెలలో, మహమ్మారి రెండవతాఁకుడు తీవ్రముగా నుండఁగా, నెల్లూరుజిల్లా కృష్ణపట్నమున నిచ్చు నొక మూలికామందు కోవిడును గుదుర్చునను మాట వాట్సప్ దృశ్యముల ద్వారమున నల్దెసల వ్యాపించెను. మే 21న వేలకొలఁది జనము గుమిగూడుటచేఁ బంపిణి నిలిచిపోయెను. మే 31న రాష్ట్రప్రభుత్వము, కంటిచుక్కలను మినహాయించి, తక్కినమందుల కనుమతి నిచ్చెను. ఆ సందర్భమున రెండుమాటలు చెప్పఁబడినవి: ఆ మందులవలన హాని కనఁబడలేదని యొకటి, కోవిడ్ దానిచేఁ దగ్గుననుటకు నిదర్శనము లేదని యొకటి. మొదటిమాట యనుమతియై మ్రోఁగినది. రెండవది పలువురి చెవిని బడనేలేదు.

ఆ దృశ్యములయందలి యనుక్తమును విచారింతము. మందు పుచ్చుకొని కోలుకొన్నవాఁడు ఫోనుముందు నిలిచి మాటలాడును. పుచ్చుకొనియుఁ గోలుకొననివాఁడు మాటలాడలేఁడు. పుచ్చుకొనకయే కోలుకొన్నవానిని మాటలాడుమని యెవరు నడుగరు. చూచువారికి మొదటివాఁడొక్కఁడే సాక్షి. తక్కిన యిద్దఱును గలరని చెప్పుటకు మహాపాండిత్య మక్కఱలేదు. తెలుఁగునఁ దేటగా, ఆ వారమునందే, భక్తులను బరిహసింపకయు, గుంపునకు జంకకయుఁ జెప్పువారు కావలెను. సూత్రకారుఁడే వచ్చి చెప్పునను పూర్వపక్ష మిచట నిలువదు. మన సూత్రకారులు వ్రాయునది యింగ్లీషున, జనము వినునది తెలుఁగున.

వైయాకరణుని కంటికి మొదటఁ గానవచ్చునది క్రియాపదము. శాస్త్రజ్ఞుని జాగ్రత్త యంతయు నందే యుండును. "నయమగును" అనుటకును, "నయము కావచ్చును" అనుటకును, "నయమైనట్లు కనఁబడినది" అనుటకును నెంతదూరము! మొదటిది నిశ్చయము, రెండవది సంభావన, మూఁడవది పరిశీలనము. మూలవ్యాసమున మూఁడవరూపమున నున్న క్రియ ప్రకటనపత్రమున రెండవదియై, పత్రికాశీర్షికలో మొదటిదగుట తఱచు. అంకెలు మాఱలేదు, పేళ్లు మాఱలేదు. తుదిప్రత్యయము మాఱుటచే సత్య మసత్య మైనది.

అధికరణముగూడ నిట్టిదే. ఎలుకలపైఁ జేసిన పరీక్షను దెలుపు శీర్షికలో "ఎలుకలలో" అనుపదము లోపించినచోఁ జదువరి దానిని దనకే యన్వయించుకొనును. 2019లో జేమ్స్ హీదర్స్ అను పరిశోధకుఁడు ట్విట్టరులో నొకఖాతా తెఱచి, ఇట్టివార్తలను మరల వినిపించుచు "ఎలుకలలో" అను మాటను మాత్రము చేర్చుచుండెను. కాత్యాయనుఁడు మెచ్చఁదగిన లాఘవ మిది. అనుక్తమును బూరించు వార్తికము డిజిటల్ మాధ్యమమునఁ గూడఁ బుట్టఁగలదనుట కిది నిదర్శనము.

అట్లని యీ మాధ్యమములందలి దోషములను మఱువరాదు. ఎందఱు చూచిరను సంఖ్యనుబట్టి వ్యాసమునకు విలువ కట్టుచోట, నలువురి నడిగి నాలుగుదినములకు వ్రాసినవాఁడు నష్టపోవును. నాలుగునిమిషములలో వ్రాసినవాఁడు లాభపడును. 2022 నవంబరులో వెలువడిన చాట్‌జీపీటీ వంటి యంత్రములు వ్యాసమును క్షణములో సంక్షేపించి యిచ్చుచున్నవి. సంక్షేపించుట యుక్తమునుగూర్చిన పని. పరిశోధకునికి ఫోనుచేసి, "అయ్యా, ఈ యంకెను మీ రేల విడిచితిరి?" యని యడుగుట వేఱుపని.

పాఠపరిష్కరణముతో సంబంధముగల మన పరిషత్సభ్యులకు మిక్కిలి బాధకలిగింపవలసిన దోషము మఱియొకటి కలదు. ముద్రితపత్రికలోఁ దప్పు దొరలినచోఁ దప్పొప్పులపట్టిక వేయుదురు. తప్పును నిలుచును, దిద్దుబాటును నిలుచును. అంతర్జాలవ్యాసమును జడిచప్పుడు లేక దిద్దవచ్చును. నిన్న చదివినవానిచేతిలో నొకపాఠము, నేఁడు చదివినవానిచేతిలో నొకపాఠము, పూర్వపాఠము జాడలేదు. నన్నయ భారతమున నొక్క పాఠాంతరమునకై తాళపత్రముల నెన్నిటినో చూచు మనము, ప్రాణరక్షణమునకు సంబంధించిన వాక్యములు రాత్రికిరాత్రి మాఱుటను సహింపవచ్చునా? బయోఆర్కైవువంటి భాండారములు ప్రతికి దిద్దుబాటునకుఁ బూర్వరూపమును నిలుపుచున్నవి. మరలించుకొన్నదానిపై నట్లని వ్రాసియుంచుచున్నవి. ఆమాత్రపు నియమమును మన తెలుఁగుపత్రికల జాలప్రతులు పాటింపలేవా?

వార్తికకారుఁడును బరీక్షకు బద్ధుఁడే. కాత్యాయనుని యాక్షేపణములలోఁ గొన్నింటిని బతంజలి నిరాకరించి సూత్రమునే నిలిపినాఁడు. కావున విజ్ఞానరచయిత న్యాయాధిపతివలెఁ గూర్చుండరాదు. తాను జూచిన ప్రతి ప్రీప్రింటో, పరీక్షితమో చెప్పవలెను. ఆ పరిశోధనతో సంబంధములేని నిపుణు నొక్కనినైన నడిగితినని చూపవలెను. తన తప్పును దేదీతో దిద్దవలెను. ఈ మూఁటికిని ధనము కంటె నోపిక యెక్కువ కావలెను. అయినను నోపికకు వ్యయమగు కాలమునకు మూల్యము చెల్లింపవలసినవారు పత్రికాధిపతులును, చదువరులును.

1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలి నెలకొల్పఁబడినపుడు శాస్త్రవిషయములు తెలుఁగున లేకపోవుట కొఱఁత. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువా రా కొఱఁతను దీర్పఁబూనిరి. నేఁడు శాస్త్రమనఁబడు మాట ప్రతిఫోనులోను దెలుఁగుననే వినవచ్చుచున్నది. దానిని విచారించు మాటయే యరుదు. వార్త తెలుఁగున వచ్చినది. వార్తికము రావలసియున్నది. దీనిని విజ్ఞులు పర్యాలోచింతురుగాక.