పసుపంటిన వేళ్లు

తల్లీ, తేనెటీగా! పత్తి పేరు పెట్టుకున్న ఊళ్లో, ఒకటో తరగతి గదిలో కూర్చుని నిన్ను పిలుస్తున్నాం. బయట నల్లరేగడి చెప్పులకు గడ్డలు గడ్డలుగా అంటుకునే రోజులు. లోపల చాప మీద చిన్నచిన్న చేతులు నీ పని నేర్చుకుందామని ఆత్రంగా ఉన్నాయి.

మా ప్రత్తిపాడు పిల్లలకు పురుగంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. పచ్చపురుగు, గులాబి పురుగు, తెల్లదోమ, తామర పురుగు. అ ఆలు దిద్దకముందే ఈ పేర్లు చెవిన పడతాయి. 'మందు' అంటే జ్వరానికి వేసుకునేదన్న సంగతి తర్వాత తెలుస్తుంది. ముందు తెలిసేది నాన్న వీపున డబ్బాలో మోసుకెళ్లేదే. పసివాళ్ల తప్పేముంది? 1987-88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం పత్తిచేలను ఊడ్చుకుపోయినప్పుడు అప్పుల పాలైన రైతులు ఆ పురుగుల మందే తాగి పోయారు. మొన్నటికి మొన్న 2021లో నల్ల తామర పురుగు మిరప పూతలో దూరి ఇళ్లకు ఇళ్లను ఏడిపించింది. ఇంత చూసిన నేల మీద, రెక్కలున్న ప్రతిదీ పగదానిలా కనబడుతుంది. అందుకే నువ్వు మా బడికి రావాలి తల్లీ. ఇక్కడి పిల్లలకు బడిలో మొట్టమొదట పరిచయమయ్యే పురుగు నువ్వు కావాలి.

నిన్ను బొమ్మలో చూపిస్తే సరిపోదు. నల్లబల్ల మీద ఆరు కాళ్లు గీసి, 'పరాగ సంపర్కం' అని పదిసార్లు రాయిస్తే ఆ మాట పుస్తకంలోనే ఎండిపోతుంది. నువ్వు చేతికి అంటాలి.

పాత క్యాలెండరు కాగితాలు కత్తిరించి పువ్వులు చేస్తాం. ఒకదాని నడుమ చిటికెడు పసుపు, ఇంకోదాని నడుమ చిటికెడు బియ్యప్పిండి. ఎవరో ఒకరు చేలోంచి జేబులో వేసుకొచ్చిన పత్తి ఉంటుంది. గింజ తీసి, వేళ్లతో దూదిని విప్పి, ప్రతి పిల్ల చూపుడువేలికీ చుట్టి దారం కడతాం. అదే నీ ఒంటి నూగు. ఇక వేళ్లు ఎగురుతాయి. ఝుమ్మంటూ నోళ్లు మోగుతాయి. పసుపు పువ్వు మీద వాలిన వేలు పిండి పువ్వు మీద వాలుతుంది. తెల్లటి పిండిలో పచ్చటి మచ్చ. "నేనేం పెట్టలేదు టీచర్, అదే అంటుకుంది!" అంటుంది ఒక పిల్ల, దొంగతనం మోపుతారేమోనన్నట్టు.

అంతే కదా తల్లీ! నువ్వూ ఏదో పెట్టాలని పెట్టవు. తీపి కోసం వస్తావు, ఒంటికి అంటినదాన్ని మోసుకుపోతావు. ప్రపంచంలోని 115 ముఖ్యమైన ఆహార పంటల్లో 87 పంటలు ఎంతో కొంత నీ మీద, నీలాంటి ప్రాణుల మీద ఆధారపడి కాస్తున్నాయి. ఆ లెక్కంతా ఈ పసుపు మచ్చలో ఉంది.

ఆ దూది వేళ్లను చూస్తుంటే నాకు వేరే వేళ్లు గుర్తొస్తాయి. ఒకప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలల్లో వేలాది ఆడపిల్లలు బడి మాని నీ పని చేశారు. 1970లో గుజరాత్‌లో హెచ్-4 అనే హైబ్రిడ్ పత్తి వచ్చినప్పటి నుంచి, హైబ్రిడ్ గింజను మనిషి చేత్తో పుట్టించడం మొదలైంది. రేపు విచ్చబోయే మొగ్గను ఈ సాయంత్రమే గోటితో చీల్చి మగ కేసరాలు తీసేయాలి. గుర్తు పెట్టాలి. తెల్లారాక వేరే పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. క్రాసింగ్ అనేవాళ్లు. చిన్నవేళ్లు నాజూకైనవని, చిన్నకూలితో సరిపోతుందని పిల్లల్నే దింపేవాళ్లు. మందు వాసన ఆరని చేలో, ఎండలో, వందల పువ్వులకు ఒక్కో పిల్ల. నువ్వు ఆడుతూ పాడుతూ చేసే పని వాళ్ల బాల్యాన్ని మింగేసింది.

పిల్ల వేలు పువ్వు మీద వాలడంలో తప్పు లేదు. గంట కొట్టగానే ఆ వేలు కడుక్కుని అన్నానికి పరుగెత్తగలిగితే అది చదువు. పరుగెత్తలేకపోతే అది చాకిరీ.

మా గదిలో నీ ఇల్లు కట్టడం ఇంకా తేలిక. రేగడి మట్టిని గోలీలు చేసి, ఒకదానికొకటి ఒరుసుకునేలా పళ్లెంలో పేర్చి, చుట్టూ అరచేతులు పెట్టి నొక్కితే చాలు, గుండ్రటి గోలీలు ఆరు పక్కలు తేలతాయి. తక్కువ మైనంతో ఎక్కువ చోటు కలిసొచ్చే పొందిక అదేనని థామస్ హేల్స్ అనే గణితవేత్త 1999లో నిరూపించాడు. మావాళ్లకు మట్టి చెప్పింది.

మరి నీ నాట్యం! దాన్ని పొగడటానికి నాకు మాటలు చాలవు. చీకటి గూట్లో, నిలువుగా వేలాడే పట్టు మీద నువ్వు నడుం ఊపుతూ ఒక గీత వెంట నడుస్తావు. చుట్టి వచ్చి మళ్లీ అదే గీత. నిట్టనిలువుగా పైకి నడిస్తే పూలు సూర్యుడి వైపున్నాయని. నిలువుకు ఎంత పక్కకు వాలితే సూర్యుడికి అంత పక్కన ఉన్నాయని. ఎంతసేపు ఊపితే అంత దూరమని. ఈ భాష చదివి చెప్పినందుకు కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

మా గదిలో గోడే పట్టు. ఒక పిల్ల బయటికి వెళ్లి వేపచెట్టు మొదట్లోనో, బోరింగు పక్కనో బెల్లం ముక్క దాచి వస్తుంది. గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, నడుం ఊపుతుంది. ఊపుకు పది అడుగులు. మిగతావాళ్లు వసారా దాటి, నీడ సరిగ్గా వెనక్కి పడేలా నిలబడతారు. సూర్యుణ్ణి కళ్లతో చూడక్కర్లేకుండానే సూర్యుడికి ఎదురవుతారు. గీత వాలినంత పక్కకు తిరిగి అడుగులు లెక్కపెడతారు. రెండుసార్లు తప్పిపోతారు. మూడోసారి బెల్లం దొరుకుతుంది. చీమలు ముందే చేరి ఉంటాయనుకో, అయినా ఆ కేకకు పక్క తరగతి లేచి వస్తుంది. ఒక్క మాట లేకుండా ఒంటితో దారి చెప్పగలిగిన ఆ పిల్ల ముఖం చూడాలి. నోరు విప్పని పిల్లలుంటారు ప్రతి తరగతిలో. ఈ ఆటలో ముందు గెలిచేది వాళ్లే.

ఎర్రటి మిరప కల్లాల నడుమ పెరిగే పిల్లలకు ఇంకో వింత చెబుతాం. నీకు ఎరుపు తెలియదు. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే గుంటూరు మిర్చి యార్డు రంగంతా నీ కళ్లకు ఉత్త నల్లన. నువ్వెరిగిన మిరప వేరు. ఆకుల చాటున తల వంచుకున్న బుల్లి తెల్లపువ్వు. మిరప తన పుప్పొడితో తానే కాయగలదు, నిజమే. నువ్వొచ్చి వాలితే కాయలో గింజ నిండుగా పడుతుంది.

చివర్లో చెంచా ఆట. ఒక కూలి ఈగ బతుకంతా తిరిగి కూడబెట్టే తేనె చెంచాలో పన్నెండో వంతు. పన్నెండు మందిని వరసగా నిలబెడతాం. ఇంకు ఫిల్లరుతో ఒక్కొక్కరు ఎనిమిదేసి బొట్ల బెల్లం నీళ్లు చెంచాలో వేసి వెళ్లాలి. పన్నెండోవాడు వేశాక చెంచా నిండుతుంది. గది దానంతటదే నిశ్శబ్దమవుతుంది. అప్పుడు తేనె సీసా మూత తీస్తాం. నాలుక మీద ఒక్క చుక్క. ఇంట్లో చెల్లో తమ్ముడో ఏడాది నిండనివాళ్లుంటే మాత్రం తేనె నాకించొద్దని అమ్మతో చెప్పమంటాం. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి చంటిపిల్లల ప్రాణానికే ముప్పు తెస్తుంది. పుట్టగానే తేనె నాకించే అలవాటున్న మనకు ఈ కబురు పిల్లల నోటినుంచే చేరాలి.

నీ ముల్లు సంగతీ దాచం. నీళ్ల ట్యాంకు కింద వేలాడే పెద్దపట్టుకు రాయి విసరొద్దని గట్టిగా చెబుతాం. తేనెతుట్టెను కదిపినట్టు అన్న మాట ఊరికే పుట్టలేదు. కుడితే నీ ముల్లు మా చర్మంలో దిగబడిపోతుంది, దాంతో నీ ప్రాణమూ పోతుంది. "అయితే దానిక్కూడా నొప్పే" అంటారు పిల్లలు. భయం కాస్త పక్కకు జరుగుతుంది.

అయ్యా, రైతు నాన్నా! పూత మీదున్న చేనుకు మందు కొట్టక తప్పనప్పుడు పొద్దు గూకనివ్వండి. అప్పటికి తేనెటీగ గూటికి చేరి ఉంటుంది. ఈ ఏడు పత్తి పూతకొచ్చాక, మందు కొట్టని రోజు చూసి, మీ పిల్లను గట్టు మీదికి తీసుకెళ్లండి. పువ్వు మీద ఏం వాలిందో ఆ పిల్లనే చెప్పమనండి. పొద్దున్నే వెళ్లాలి. ఇవాళ విచ్చిన పత్తిపువ్వు రేపటికి ఎర్రబారిపోతుంది.