రైలు నమూనాకు అడుగుబల్ల

గుడివాడ–మచిలీపట్నం రైలుదారికి నమూనా చేయువారు ఇంజనుపై చూపు శ్రద్ధ అడుగుబల్లపై చూపుట అరుదు. ఒకే దళసరి పలకపై పట్టాలు బిగింతురు. సముద్రపు గాలిలోని తేమకు కొయ్య పొడవునకంటె అడ్డమున హెచ్చుగా ఉబ్బును. పలక మెలి తిరుగును. బరువు సంగతి సరేసరి!

మందము రెట్టింపైనచో వంపు ఎనిమిదవ వంతగును గాని బరువును రెట్టింపగును. కనుక పలుచని ప్లైవుడ్డు క్రింద బద్దెలను నిలువుగా నిలుపుట మేలు. ప్లైవుడ్డు పొరలు ఒకదానికొకటి అడ్డముగా అతికియుండుటచే ఉబ్బు స్వల్పము.

మోసికొనిపోవుటకై బల్లను రెండు ముక్కలు చేసినచో అసలు పరీక్ష అతుకు వద్దనే. 1:87 నమూనాలో (పట్టాల ఎడము 16.5 మిల్లీమీటర్లు, మన బ్రాడ్‌గేజికి 19 దాటవలె) ఒక మిల్లీమీటరు తేడా నిజమైన దారిలో 87 మిల్లీమీటర్లు. ఏ రైలు దాటగలదు? బోల్టులు ముక్కలను బిగించునే గాని సరిగా ఎదురెదురుగా నిలుపవు. ఆ పనికి, రంధ్రములలో వదులు లేక కూర్చుండు ఇత్తడి చీలలు వేయవలెను.