సమోన్నత రేఖల కింద ఎవరున్నారు?

నగరం కింద నేల ఉంటది, ఆ నేలకు వాలు ఉంటది అని పట్టణ పరిశోధకులు ఇప్పుడు గుర్తు చేస్తున్నారు. మంచిదే. హుసేన్‌సాగర్ మిగులు నీళ్లు దోమల్‌గూడ, హిమాయత్‌నగర్, నల్లకుంట, గోల్నాక మీదుగా మూసీలోకి పోతయి. 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడు ఆ నీళ్లే తమ పటం గీసి చూపించినయి. అయితే ఈ పటాలను మేం చదివే తీరు వేరు.

1908 మూసీ వరద తర్వాత, 1912-15 మధ్య, లెనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరాన్ని అంగుళానికి 50 అడుగుల లెక్కన కొలిచారు. ఆ పటాలు ఇల్లు ఎక్కడుందో చెప్తయి, అక్కడే ఎందుకుందో చెప్పవు. అది కొలత గొలుసు తప్పు కాదు, ఆ ప్రశ్న అడగకుండా చదివే పాండిత్యం తప్పు. సమోన్నత రేఖ అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత. (సమానత్వం పటంలోనైనా ఉంది, సంతోషం!) మిట్ట మీద మాకు ఇల్లు అమ్మరు, అద్దెకియ్యరు. అప్పుడు నాలా ఒడ్డు మేం ఎంచుకున్న చోటు ఎట్లయితది? వరదొస్తే ‘ఆక్రమణ’ అనే మాట ముందు గుడిసె మీదే పడతది. చెరువు శిఖంలో ప్లాట్లు వేసినవాడి చేతిలో మాత్రం కాగితం ఉంటది.

‘సహజ’ అనే మాటతోనూ మాకు పేచీ ఉంది. 1562లో కట్ట పోస్తేనే హుసేన్‌సాగర్ వచ్చింది. మట్టి తట్టలు మోసిన తలలు ఆ మాట కింద కనపడవు. తెలంగాణలో చాలా ఊళ్లల్ల తూము ఎత్తి మడికి నీళ్లు కట్టే నీరటి పని మాలలది. ఏ మడి ఏ మడికన్నా జానెడు ఎత్తో నీరటి కాళ్లకు తెలుసు. సర్వేయరు కొలిస్తే శాస్త్రమైంది, నీరటికి తెలిస్తే కులవృత్తి అయింది. ఇయ్యాల ‘స్థానికుల సమాచారం’ అన్న ఒక్క ముక్కలో ఆ ఎరుక మునిగిపోతది.

నాలా పక్కన దళితులే లేరు. పేద ముస్లింలున్నారు, వలస కూలీలున్నారు. కులం రంగు పూసి పటం మడిచెయ్యమని మేం అనడం లేదు. మన్ కొలతలకు కొంచెం ముందు, 1910లో, భాగ్యరెడ్డివర్మ ఇసామియా బజారులో, లింగంపల్లిలో దళిత పిల్లలకు బడులు పెట్టారు. ఆ బడులను మన్ పటం మీద గుర్తుపెట్టి, పిల్లలు ఏ పల్లం నుంచి ఎక్కి వచ్చేవాళ్లో ఆ బస్తీల ముసలివాళ్లను అడగడంతో మేం మొదలుపెడతాం.