జప్తు చేసిన చేతికి గల పూచీ

రాయపూరునుండి బిలాసపూరు పోవు రాజమార్గముపై, ఉక్కు కర్మాగారముల పొగయు బియ్యపు మిల్లుల ఊకదుమ్మును కలిసి ఎగయు ఈ ధర్సీవాలో వకీలు వృత్తి సాగించు నాయొద్దకు, ప్రభుత్వముపై దావా వేయవలెనని వచ్చు కక్షిదారు తన నష్టమునే మొదట చెప్పుకొనును. నేను మాత్రము జప్తయిన సరకు ఏ తేదీన ఎవరి స్వాధీనములో నుండెనో మొదట అడుగుదును. తప్పు జరుగలేదనుటకన్న, జరిగినను అది సార్వభౌమాధికార కృత్యము గనుక తనకు బాధ్యత లేదని జవాబు దావాలో వ్రాయుట సర్కారు పక్షమునకు సులభము. ఆ వాదమునకు సమాధానము తేదీలలోనే దొరకును.

పోలీసులు 1947లో మీరటులో ఒక నగల వర్తకునినుండి పట్టుకొన్న బంగారమును మాల్ఖానా, అనగా జప్తు సరకు దాచు గది, బాధ్యుడైన హెడ్ కానిస్టేబులే అపహరించి పాకిస్తానునకు పారిపోగా, సుప్రీంకోర్టు పంచసభ్య ధర్మాసనము 1964లో, కస్తూరీలాల్ కేసున, పోలీసుల అశ్రద్ధను అంగీకరించియు, ఆ సార్వభౌమాధికార వాదమునే ఆమోదించి పరిహారమును నిరాకరించెను. మూడు దశాబ్దములకు ఆంధ్రప్రదేశ్ ఎరువుల వర్తకుడు నాగేంద్రరావు కేసు వచ్చెను. 1975 ఆగస్టులో అధికారులు ఆయన ఎరువులను, ధాన్యమును నిత్యావసర వస్తువుల చట్టము క్రింద పట్టుకొని, ఎరువులను రైతులకు పంచుటకై వ్యవసాయాధికారికి అప్పగింప నాజ్ఞాపించిరి. ఆజ్ఞ అమలు కాలేదు. మరుసటి యేడు విడుదలైన సరకు చెడిపోయి, తరిగిపోయి యుండెను. హైకోర్టు కస్తూరీలాల్‌ను ఆశ్రయించి ఆయన దావాను త్రోసివేసినను, 1994లో సుప్రీంకోర్టు, పట్టుకొనుటకు అధికారమున్నంతమాత్రమున పట్టుకొన్నదానిని పాడుచేయుటకు మినహాయింపు లేదని తేల్చెను. కోయిలకుంట్ల సబ్‌జైలులో ఖైదీ హత్యకు సంబంధించిన కేసున 2000లో అదే న్యాయస్థానము, ప్రాణహక్కు ముందు ఈ మినహాయింపు నిలువదనెను.

అయినను కస్తూరీలాల్ నేటికిని రద్దు కాలేదు. దానికన్న చిన్న ధర్మాసనములు దాని బలమును తగ్గించినవేగాని తుడిచివేయలేదు. కనుక అది చచ్చినదని కోర్టులో గొంతెత్తు యువ వకీలు ఎదురు ప్రశ్నకే తడబడును. అంతకన్న, పంచనామాను చేతబట్టి చూడుట మేలు: బస్తాల లెక్కయు తూకమును అందుండును, తడిసినవో పొడివో, కుట్టు విడినవో బిగువుగా నున్నవో తరచుగా నుండదు. ఆ ఒక్క వాక్యమును జప్తు నాడే వ్రాయించి సంతకము చేయించుకొన్న కక్షిదారునకు, పట్టుకొన్ననాటి సరకు మంచిదని రుజువు చేయు భారము సగము తీరును. చెడినది వారి వశమున నుండగానే యని చూపుట మిగిలిన సగము.