ఉపమానం మింగిన ఉపమేయం: థైలాకోస్మైలస్ వ్యాఖ్యానాలపై విమర్శ

1. ఉపోద్ఘాతం

అర్జెంటీనాలోని కటమార్కా ప్రాంతంలో 1926లో షికాగో ఫీల్డ్ మ్యూజియం బృందం సేకరించిన శిలాజాల ఆధారంగా ఎల్మర్ రిగ్స్ 1933లో ‘థైలాకోస్మైలస్’ను ప్రతిపాదించారు. సంచి, కత్తి అనే అర్థాలున్న గ్రీకు పదాలతో ఏర్పడిన పేరు ఇది. కంగారూ వంటి శిశుకోశ జీవుల్లో పుట్టిన కత్తికోరల పులి ఇదన్న భావన నాటి నుంచీ ప్రచారంలో ఉంది. ఈ భావనలోని రెండు అంశాలూ పునఃపరిశీలనార్హమే. ఈ జంతువు చెందిన స్పారసోడాంట్ వర్గం నేటి శిశుకోశ జీవులకు దగ్గరి బంధువే గాని, వాటిలో భాగం కాదు. రెండవదైన ‘పులి’ పోలిక మరింత చర్చనీయం.

2. పోలిక – పరిమితి

ఉపమాలంకారంలో ఉపమాన ఉపమేయాల మధ్య భేదం నిలిచి ఉంటుంది. ఆ భేదాన్ని తొలగిస్తే అది రూపకమవుతుంది. థైలాకోస్మైలస్ వ్యాఖ్యానాల్లో జరిగినది ఇదే. స్మైలోడాన్ ఉపమానంగా వచ్చి, చివరకు ఉపమేయం స్థానాన్నే ఆక్రమించింది.

పుర్రె సాక్ష్యం మాత్రం భేదాన్నే చూపుతుంది. స్మైలోడాన్ కోర ఒక దశలో పెరుగుదల ఆపుతుంది. థైలాకోస్మైలస్ కోర జీవితాంతం పెరుగుతుంది. మాంసాన్ని ఎముక నుంచి పీకడానికి పిల్లిజాతికి తోడ్పడే ముందుపళ్ళు దీనిలో బాగా క్షీణించాయి. క్రిస్టీన్ జానిస్ బృందం 2020లో ఈ కోరలు పొడవడం కంటే వెనక్కి లాగడానికే అనువైనవని నిరూపించే ప్రయత్నం చేసింది. కళేబరాల పేగులు, మెత్తని భాగాలు తినేదేమోనని ఊహించింది. పాత పోలికను ప్రశ్నించడంలో ఈ అధ్యయనం బలమైనది. అయితే అటువంటి ఆహారవృత్తికి సరిపోలే జంతువు నేడు లేనందున, దాని ప్రత్యామ్నాయం ఊహగానే మిగిలింది.

2023 నాటి గయ్యార్, మెక్‌ఫీ, ఫొరాసియేపీల పరిశోధన మరో దారి చూపింది. కోరల మూలాలు పుర్రె పైభాగం వరకు సాగడం వల్ల కనుగుంటలు పక్కలకు జరిగాయి. వేటజంతువుకు ఇది లోపంగా తోస్తుంది. కాని కనుగుంటలు నిటారుగా, బయటకు పొడుచుకొని ఉండడం ఆ లోపాన్ని కొంత పూరించింది. అంటే పిల్లి కన్ను లేకపోయినా వేట అసాధ్యం కాదు.

3. ముగింపు

ఉత్తరం నుంచి వచ్చిన ‘మెరుగైన’ కత్తికోరల పిల్లుల పోటీకి ఇది ఓడిపోయిందన్న కథకూ ఈ పోలికే మూలం. థైలాకోస్మైలస్ జాడలు ప్లయోసీన్ యుగంతోనే ముగుస్తాయి. స్మైలోడాన్ దక్షిణ అమెరికాలో కనిపించేది ఆ తరువాతి ప్లయిస్టోసీన్‌లో. ఎదురుపడని రెండింటి మధ్య గెలుపోటములు నిర్ణయించింది శిలాజం కాదు, అలంకారం. పోలిక పరిశోధనకు ప్రశ్నను ఇవ్వవచ్చు. సమాధానాన్ని మాత్రం సాక్ష్యమే ఇవ్వాలి.