వయోజన విద్యార్థిగా అగస్టీన్: 'కన్ఫెషన్స్'లో పఠనం, ఆత్మసంస్కారం

వ్యాససంగ్రహం:
వయసు వచ్చాక క్రైస్తవ వేదాంతాన్ని అభ్యసించడమంటే కొత్త విషయాలను చేర్చుకోవడమా, అప్పటికే స్థిరపడిన పఠనపద్ధతిని మార్చుకోవడమా? అగస్టీన్ (354–430) రచించిన 'కన్ఫెషన్స్' ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మిలాన్ తోటలోని ఘట్టం కంటే, దానికి ముందూ వెనుకా సాగిన పఠనాభ్యాసమే గ్రంథానికి కేంద్రమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ అభ్యాసకథనంలోని పరిమితినీ చర్చిస్తుంది.

కీలక పదాలు: అగస్టీన్, కన్ఫెషన్స్, వయోజన విద్య, లేఖనపఠనం, ఆత్మసంస్కారం, అలవాటు.

1. ఉపోద్ఘాతం:
ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగరానికి బిషప్ అయిన కొద్దికాలానికి, 397 ప్రాంతంలో, అగస్టీన్ ఈ గ్రంథాన్ని లాటిన్ భాషలో ప్రారంభించాడు. పదమూడు భాగాల ఈ రచన పేరు చెప్పగానే, 386లో మిలాన్ తోటలో తీసి చదవమంటూ పసిగొంతు వినిపించిన ఘట్టమే గుర్తుకువస్తుంది. దాన్నే కేంద్రంగా స్వీకరిస్తే ఇది ఒక్క క్షణంలో మారిన మనిషి కథగా కనిపిస్తుంది. కాని ఆ గొంతు ఆదేశించింది చదవమనే. చదవడం కొన్నేళ్లుగా నేర్చుకుంటున్నవాడికే ఆ ఆదేశం అందింది. ఈ దృష్టితో చూసినప్పుడు గ్రంథనిర్మాణం వేరుగా అర్థమవుతుంది.

2. పాండిత్యమే ప్రతిబంధకం:
మొదటి భాగంలో అగస్టీన్ తన బడిచదువును తలచుకుంటాడు. దాదుల లాలనలో, ఆటపాటల నడుమ లాటిన్ సులువుగా పట్టుబడింది. దండనకు భయపడి నేర్చిన గ్రీకు చేదుగా మిగిలింది. భయం కంటే స్వేచ్ఛతో కూడిన కుతూహలమే చదువుకు బలమని అతడు గుర్తిస్తాడు.

పందొమ్మిదో ఏట సిసెరో రచన 'హోర్టెన్సియస్' అతనిలో జ్ఞానతృష్ణను రేకెత్తించింది. ఆ ఊపులోనే లేఖనాలను తెరిచాడు. సిసెరో గాంభీర్యం ముందు వాటి శైలి తేలికగా తోచి పక్కనపెట్టాడు. ఇక్కడ అడ్డుపడింది అజ్ఞానం కాదు, బాగా అలవడిన సాహిత్యాభిరుచి. ఏమీ తెలియనివాడికి పాఠం చెప్పడం ఒక పని. తెలిసినదాని కొలతతోనే అన్నిటినీ తూచేవాడికి చెప్పడం మరో పని. వయోజన విద్యలోని అసలు చిక్కును ఈ ఘట్టం పట్టిస్తుంది.

3. మిలాన్‌లో శ్రవణం:
384లో వక్తృత్వ ఆచార్యుడిగా మిలాన్ చేరిన అగస్టీన్, బిషప్ ఆంబ్రోస్ ప్రసంగాలను మొదట శైలికోసమే విన్నాడు. విషయం మీద ఆసక్తి లేదు. అయితే మాటల వెంట అర్థమూ లోపలికి వచ్చింది. పాత నిబంధనలో అసంబద్ధంగా తోచినవాటిని ఆంబ్రోస్ ఆధ్యాత్మికార్థంలో వివరించేసరికి, తాను ఖండిస్తూ వచ్చింది గ్రంథాన్ని కాదు, తన అక్షరార్థపఠనాన్ని అని అతనికి స్పష్టమైంది. వృత్తిరీత్యా అలవడిన వినికిడే కొత్త విద్యకు ద్వారమైంది. పూర్వవిద్య ఇక్కడ నశించలేదు, దిశ మార్చుకుంది.

భారతీయ వేదాంతంలోని శ్రవణ, మనన, నిదిధ్యాసనాల క్రమం ఇక్కడ స్ఫురించవచ్చు. పోలిక కొంతవరకే పొసగుతుంది. అర్థమైన తర్వాత కూడా సంకల్పం రెండుగా చీలి మొరాయించడాన్నీ, దాన్ని దాటడానికి దైవకృప అవసరమవడాన్నీ అగస్టీన్ ప్రధానం చేస్తాడు.

4. తోట తర్వాత:
తొమ్మిదో భాగంలోని ఒక చిన్న సంఘటనకు ఈ చర్చలో పెద్ద విలువ ఉంది. బాప్తిస్మానికి సిద్ధపడేందుకు ఏం చదవాలని అగస్టీన్ అడిగితే, ఆంబ్రోస్ యెషయా గ్రంథాన్ని సూచించాడు. మొదటి పుటలే బోధపడలేదు. లేఖనాల శైలికి మరింత అలవాటుపడ్డాక చూద్దామని పక్కనపెట్టాడు. యౌవనంలో లేఖనాలను మూసింది తిరస్కారంతో, ఇప్పుడు మూసింది వినయంతో. రెండు మూతలకూ మధ్య ఉన్న దూరమే అతడు సాధించిన సంస్కారం.

387 ఈస్టర్ వేళ కుమారుడు అదెయోదాతుస్‌, మిత్రుడు అలీపియుస్‌లతో కలిసి బాప్తిస్మం పొందాడు. 391లో గురువుగా అభిషిక్తుడయ్యాక, లేఖనాధ్యయనానికి వ్యవధి ఇమ్మని బిషప్ వలేరియుస్‌కు లేఖ రాశాడు. పదో భాగంలోనూ పాత అలవాట్లతో పోరు ముగియలేదు. చివరి మూడు భాగాలు ఆదికాండపు తొలి వాక్యాల వ్యాఖ్యానం. ఆత్మకథకు అతుకుగా కొందరికి తోచే ఈ భాగాలు నిజానికి దాని ఫలితం: ఒకనాడు లేఖనాన్ని చిన్నచూపు చూసిన పాఠకుడు ఇప్పుడు ఒక్కో మాట దగ్గర ఆగి, అర్థాన్ని ప్రార్థనగా అడుగుతున్నాడు.

5. కథనం పరిమితి:
ఈ అభ్యాసం వెనుక విరామమూ ఆశ్రయమూ ఉన్నాయి. ఉద్యోగం మానిన అగస్టీన్‌కు మిత్రుడు వెరెకుందుస్ కస్సిసియాకుంలోని తన గ్రామీణ నివాసాన్ని ఇచ్చాడు. మరోవైపు, ఏళ్లతరబడి సహచరించి అదెయోదాతుస్‌కు తల్లి అయిన స్త్రీ, అగస్టీన్ వివాహప్రయత్నాల కారణంగా ఆఫ్రికాకు తిరిగి వెళ్లవలసివచ్చింది. మరో పురుషుణ్ని ఎరుగనని ఆమె వ్రతం పూనినట్లు ఆరో భాగం చెబుతుంది. అగస్టీన్ అప్పటికి చేయలేకపోయిన నిర్ణయాన్ని ఆమె ముందే చేసింది. గ్రంథం ఆమె పేరైనా నమోదు చేయలేదు. తన వేదనను వర్ణించినంతగా ఆమె అంతరంగాన్ని పట్టించుకోలేదు. ఆత్మపరిశీలనకు ఆదర్శమైన రచనలోని ఈ మౌనాన్ని విమర్శ దాటవేయకూడదు.

6. ముగింపు:
'కన్ఫెషన్స్' ప్రకారం వయోజనుడి వేదాంతవిద్య మూడు పనులు కోరుతుంది: పూర్వపాండిత్యాన్ని కొలబద్దగా వాడడం మానుకోవడం, అర్థంకానిదాని ముందు ఓర్పు వహించడం, చదివినదాన్ని జీవితపు అలవాట్లలో పరీక్షించుకోవడం. తెలుగు క్రైస్తవసాహిత్య పరిశోధనకూ ఈ దృష్టి ఉపకరిస్తుంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి, పెద్దయ్యాక క్రైస్తవాన్ని స్వీకరించిన కీర్తనకారుల అధ్యయనం మతమార్పిడి ఘట్టం వద్దే ఆగనక్కరలేదు. వారి పూర్వవిద్య కొత్త విశ్వాసంలో ఏ దిశకు మళ్లిందో కీర్తనల పాఠం ఆధారంగా పరిశీలించవలసి ఉంది.