చెయ్యబుద్ధి కానప్పుడే

దిగులుతో ఉన్న మనిషికి మనవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: "ముందు నీ మనసు కుదుటపడనీ, పనులదేముంది, తర్వాత చూసుకుందువుగాని." ప్రేమతోనే చెబుతారు. కానీ దిగులు ఆ వరసలో తగ్గదు. పనులు మానేసిన కొద్దీ రోజు ఖాళీ అవుతుంది. ఖాళీ రోజు నిండా ఆలోచనలు చేరతాయి. ఆలోచనలు పెరిగిన కొద్దీ మంచం దిగబుద్ధి కాదు. అందుకే వరస తిరగెయ్యాలి. చెయ్యబుద్ధి కానప్పుడే ఒక చిన్న పని చెయ్యాలి. బుద్ధి వెనకాల వస్తుంది.

మానసిక వైద్యంలో దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. 1970ల్లో అమెరికాలో పీటర్ లూయిన్సన్ దీనికి పునాది వేశారు. 1996లో నీల్ జేకబ్సన్ బృందం డిప్రెషన్ ఉన్నవాళ్లలో కొందరికి ఆలోచనల్ని సరిదిద్దే చికిత్స మొత్తం ఇచ్చింది, కొందరిచేత పనులు మాత్రం చేయించింది. ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మన దేశంలోనే గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ పద్ధతిని ప్రయత్నించారు. చేయించింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు కౌన్సిలర్లు. మామూలు వైద్యం ఒక్కటే అందినవారితో పోలిస్తే వీళ్ల దగ్గరికి వచ్చినవారిలో ఎక్కువమంది తేరుకున్నారని 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది.

విశాఖలో ఉండేవాళ్లకు ఈ సంగతి మరీ అవసరం అనిపిస్తుంది నాకు. ఉక్కు ఫ్యాక్టరీలో బ్లాస్ట్ ఫర్నేసును రాత్రి ఆర్పి పొద్దున వెలిగించడం కుదరదు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేరూ అమ్మవారి పేరూ పెట్టుకున్న ఆ కొలిముల కోసం ఎవరో ఒకరు ఎప్పుడూ మేలుకుని ఉండాలి. పోర్టులోనూ అంతే, ఓడ వచ్చిన వేళే పని వేళ. మా వీధిలో సీ షిఫ్ట్‌కి, అంటే రాత్రి డ్యూటీకి, వెళ్లే తమ్ముడు ఒకరోజు అన్నాడు: "పగలు నిద్ర పట్టట్లేదక్కా. పట్టినా లేచాక దేనిమీదా మనసు పోవట్లేదు." అతని మనసులో లోపమేమీ లేదు. వెలుగు చూసి మేలుకునే శరీరాన్ని వెలుగులో నిద్రపొమ్మంటున్నాం. కిటికీకి మందపాటి తెర, డ్యూటీ చివరి గంటల్లో టీ మానడం, షిఫ్ట్ ఏదైనా నిద్ర లేచాక చేసే మొదటి పని ఒకటే కావడం: అతనికి చెప్పగలిగింది ఇంతే. పని వేళలు మారిపోయేవాళ్లకు మారని పని ఒక్కటైనా ఉండాలి.

దీనికి తోడు అనిశ్చితి. 2021 జనవరి 27న స్టీల్‌ప్లాంట్‌ను అమ్మెయ్యాలని కేంద్రం సూత్రప్రాయంగా నిర్ణయించింది. 2025 జనవరిలో ప్లాంటును నిలబెట్టడానికి 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించేదాకా, ఆ తర్వాత కూడా, ఇంటి లోను, పిల్లల చదువు, పెళ్లి ముహూర్తం అన్నీ ప్లాంటును అమ్మేస్తారా లేదా అన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగాయి. ఇలాంటి బెంగను "ఆలోచించకు" అన్న మాట పోగొట్టలేదు. చేతిలో ఉన్నదాన్నీ లేనిదాన్నీ విడదీసుకుంటే మాత్రం కాస్త ఊపిరాడుతుంది. ఢిల్లీ నిర్ణయం మన చేతిలో లేదు. బ్యాంకుకు వెళ్లి కిస్తీ సంగతి మాట్లాడటం మన చేతిలో ఉంది. అమ్మకానికి వ్యతిరేకంగా కూర్మన్నపాలెంలో పెట్టిన దీక్షా శిబిరానికి వెళ్లి కూర్చోవడమూ మన చేతిలో ఉంది. తోటివాళ్లతో కలిసి కూర్చున్న మనిషి ఒంటరిగా టీవీ ముందు కూర్చున్న మనిషి కంటే ధైర్యంగా ఉండటం నేను కళ్లారా చూశాను. మిగిలిన ఆందోళనకు రోజులో ఒక అరగంట కేటాయించి, వేరే వేళ గుర్తొస్తే "సాయంత్రం చూద్దాం" అని వాయిదా వెయ్యడం కూడా పరీక్షించి చూసిన పద్ధతే.

ఫిషింగ్ హార్బర్‌లో దిగులు రోజుల్లోనూ పనిలో ఉండే ఈ విద్య ఎవరూ నేర్పకుండానే సాగుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. సంపాదన ఆగిపోతుంది, దిగులు పడటానికి కారణాలకు కొదవుండదు. ఆ రోజుల్లో హార్బర్‌కు వెళ్లి చూడండి. వలలు బాగుచేస్తూ, బోట్లకు రంగులు వేస్తూ, ఇంజన్లు విప్పి బిగిస్తూ నలుగురు కలిసి కనిపిస్తారు. డబ్బు కష్టం తీరదు, కానీ రోజుకు ఒక ఆకారం ఉంటుంది, పక్కన మనిషి ఉంటాడు.

నేను పాటించేది చిన్న పద్ధతి. రాత్రి పడుకునే ముందు ఒక నోటుపుస్తకంలో మర్నాటికి మూడు పనులు రాసుకుంటాను: ఒంటికి ఒకటి, ఇంటికి ఒకటి, మనిషికి ఒకటి. ఒంటికంటే నడక. పొద్దున్నే వాహనాలు ఆపేసిన ఆర్కే బీచ్ రోడ్డు దొరికితే సరే, లేకపోతే మా వీధి చివరిదాకా. ఇంటికంటే ఇల్లంతా సర్దడం కాదు, ఒక్క అర. మనిషికంటే ఒక ఫోను, లేదా పక్కింటి పిన్నిగారి దగ్గర పది నిమిషాలు. పని ఎంత చిన్నదంటే, మనసు అస్సలు బాగాలేని రోజున కూడా చెయ్యగలిగేంత. పూర్తయ్యాక పక్కన టిక్కు పెడతాను. హుషారు వచ్చిందా రాలేదా అని అప్పటికప్పుడు కొలవను. అది ఒక్కోసారి అదే రోజు వస్తుంది, ఒక్కోసారి వారానికి.

గాభరాకూ ఇదే మందు. భయపడి తప్పించుకున్న కొద్దీ భయం బలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లలో చాలామందికి గాలి హోరు వింటే ఇప్పటికీ గుండె దడే. ఆ క్షణంలో ఊపిరి తీసుకున్నదానికంటే నెమ్మదిగా వదలడం, తర్వాత ఆపిన పని మళ్లీ చేతిలోకి తీసుకోవడం మేలు చేస్తాయి.

నోటుపుస్తకం చాలని సందర్భాలూ ఉంటాయి. రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, నిద్రా ఆకలీ పోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే వెళ్లాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరెత్తితేనే మన ఊళ్లో ముఖాలు మారిపోతాయి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఆందోళన, డిప్రెషన్ లాంటి సాధారణ సమస్యలున్నవారిలో ప్రతి పదిమందిలో ఎనిమిదిమందికి పైగా చికిత్సే అందలేదని తేలడం వెనక ఈ సిగ్గు కూడా ఉంది. షుగరుకు మందు వేసుకునే ఇంట్లో దిగులుకు మందు వేసుకోవడం తలవంపులు కాకూడదు. గడప దాటడం కష్టమైతే 14416కు ఫోన్ చెయ్యండి. అది 2022లో మొదలైన టెలిమానస్ ఉచిత సేవ, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంట్లో ఎవరైనా ముడుచుకుపోయి కనిపిస్తే "ఎందుకలా ఉన్నావ్?" అని ఆరా తీసేకంటే "పద, రైతుబజారుకు వెళ్లొద్దాం" అనండి. రానంటే నొచ్చుకోకండి. రేపు మళ్లీ అడగండి.